రారాజు దుస్తులు: విజయనగరంలోని ఒక నాటక దుస్తుల అద్దె దుకాణం గురించి

పౌరాణిక నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు ఉత్తరాంధ్రలో చాలానే ఉన్నాయి గాని, దుర్యోధనుడి వేషం కావాలని అడిగితే రాజు దుస్తులు తీసి చూపించే దుకాణం నేను ఎరిగినంతలో విజయనగరం పాతబజారులోని ఇదొక్కటే. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో సంక్రాంతికి పద్యనాటకం ఆడించే బాధ్యత కొన్నేళ్లుగా నా మీద ఉంది. ఈ ఏడాది మయసభ, పడక సీను, రాయబారం, చివర మడుగు ఘట్టం, గదాయుద్ధం ఆడించాము. మన వైపు అలవాటు ప్రకారమే కృష్ణుడి పాత్రను ముగ్గురు, దుర్యోధనుడి పాత్రను ఇద్దరు పంచుకున్నారు. అన్ని పాత్రల దుస్తులూ ఈ దుకాణం నుంచే తెచ్చినా, ఈ సమీక్ష ముఖ్యంగా దుర్యోధనుడి సెట్టు గురించి రాస్తున్నాను. నెమలి పింఛం, పీతాంబరం, నీలి ఛాయ ఉంటే కృష్ణుడిని ఎవరు ముస్తాబు చేసినా కృష్ణుడిగానే కనిపిస్తాడు, మిగిలినది ప్రేక్షకుల భక్తి పూరిస్తుంది. దుర్యోధనుడికి ఆ సాయం లేదు కనుక దుకాణం పనితనం ఆ పాత్ర దగ్గరే తేలుతుంది.

చాలా దుకాణాలలో విలన్ సెట్టు అని ఒకటి ఉంటుంది. రావణుడు, కంసుడు, కీచకుడు, దుర్యోధనుడు, ఎవరు కావాలన్నా అదే మూట విప్పుతారు: నల్లటి వెల్వెట్ అంగీ, ఎర్రటి అంచు, కొమ్ముల కిరీటం, చెవుల దాకా పాకే మీసం. కొన్నాళ్ల క్రితం వేరొక పట్టణంలోని దుకాణం వారు దుర్యోధనుడి సంచిలో కోరపళ్లు కూడా పెట్టి పంపారు. అవి పెట్టుకున్నవాడి నోట పద్యంలో ఒక్క అక్షరమైనా సరిగ్గా పలకదని కూడా ఆలోచించకుండా ఆ సరుకు పంపినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పులస్త్యుడి మనవడూ వేదం చదివినవాడూ అయిన రావణుడికైనా ఆ కోరలు తగవని నా అభిప్రాయం. కురువంశంలో పుట్టి హస్తినాపురాన్ని ఏలినవాడికి అవి ఏ లెక్కన తగుతాయి?

దుర్యోధనుడి పాపాలను తగ్గించి చూపాలని నేను కోరడం లేదు. చిన్నతనంలోనే భీముడికి విషం పెట్టి గంగలో తోయించాడు. వారణావతంలో లక్క ఇల్లు కట్టించి, తల్లితో సహా పాండవులను కాల్చబోయాడు. శకుని చేత పాచికలు వేయించి రాజ్యం లాక్కున్నాడు, ద్రౌపదిని సభకు ఈడ్పించాడు, ఆమె చూస్తుండగా ఎడమ తొడ మీది వస్త్రం తొలగించి చూపాడు. 12 ఏళ్ల వనవాసమూ, ఆపై ఏడాది అజ్ఞాతవాసమూ ముగించి వచ్చినవారు అయిదూళ్లైనా చాలన్నా, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. ఇంత చేసినవాడి పక్షాన 11 అక్షౌహిణుల సేన నిలిచింది; ధర్మరాజు వైపు నిలిచినవి 7 మాత్రమే. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు అతడి కొలువు విడిచిపోలేదు. మాద్రికి స్వయానా అన్న అయిన శల్యుడు పాండవుల కోసం బయలుదేరి, దారిలో దుర్యోధనుడు రహస్యంగా చేయించిన మర్యాదలకు సంతోషించి, మాట ఇచ్చి అటువైపు వెళ్లిపోయాడు. కులమేదని కృపుడు అడగగా తల దించుకున్న కర్ణుడికి అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చి అభిషేకం చేయించిన చేయి కూడా ఇదే. మనుషులను తనవైపు తిప్పుకోగల రాజరికం అతడిలో ఉన్నదని చూసేవారికి అనిపించకపోతే, అంతమంది పెద్దలు ఒక దుర్మార్గుడి కోసం 18 రోజులు ఎందుకు యుద్ధం చేశారో ఏ పద్యమూ చెప్పలేదు.

రాయబారం సీను దగ్గర ఈ లోపం మరీ ఎక్కువగా బయటపడుతుంది. కంసుడినీ నరకుడినీ కృష్ణుడు చంపాడు, వారితో సంధి మాట్లాడలేదు. దుర్యోధనుడి దగ్గరకు మాత్రం తానే రథమెక్కి వెళ్లి, నిండు కొలువులో నిలబడి, నచ్చజెప్పాడు, బెదిరించాడు, బంధుత్వం గుర్తుచేశాడు. ఎదుట కూర్చున్నవాడు మాట వింటాడేమో, వంశం నిలుస్తుందేమో అన్న ఆశ ప్రేక్షకుల మనసులో ఒక్క ఘడియైనా మెదిలితేనే ఆ సీనుకు ప్రాణం. సింహాసనం మీద కోరలున్న రాక్షసుడిని కూర్చోబెట్టిన రోజున ఆ ఆశ పుట్టకముందే చచ్చిపోతుంది, కృష్ణుడు పాడిన పద్యాలన్నీ వట్టి కచేరీ అయిపోతాయి. దుస్తుల గురించి ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఇదే.

ఇక దుకాణం వారు ఇచ్చిన సెట్టు సంగతి. కిరీటం గట్టి అట్ట మీద గుడ్డ అంటించి, దానిపై బంగారు రంగు రేకు, చిన్న అద్దాలు, పూసలు కుట్టి చేసినది. చూడటానికి బరువుగా కనిపించినా చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యపోయేంత తేలిక. లోపల నుదుటికి ఒరుసుకోకుండా మెత్తటి పట్టీ ఉంది. సాధారణంగా కిరీటాన్ని గడ్డం కింద తాడుతో బిగిస్తారు. పద్యం పాడే నటుడికి ఆ తాడు ఉరితాడే. నోరు పూర్తిగా తెరిచి పైస్థాయిలో రాగం పట్టేటప్పుడు దవడ కదలాలి గదా. వీరు తాడును తల వెనకకు తిప్పి, జులపాల విగ్గు కింద ముడి పడేటట్లు కుట్టించారు. మయసభలో మా ఒకటో దుర్యోధనుడు నేల అనుకుని నీటి మడుగులో పడే అభినయం నిజంగా ఒళ్లు వదిలేసి చేశాడు; కిరీటం ఒక పక్కకు ఒరిగింది గాని ఊడి దొర్లలేదు. అలా ఒరగడమే ఆ ఘట్టానికి అందం తెచ్చింది.

ఈ సందర్భంలో ఒక మాట. మన నాటకాలలో ఆ పాటు చూసి ద్రౌపది నవ్వడమే పెద్ద ఘట్టమైంది. వ్యాసభారతంలో ఆ పాటు జరిగిన చోట నవ్వినవారు భీముడు, అర్జునుడు, కవలలు, సేవకులు. ద్రౌపది నవ్విందన్న మాట తర్వాత దుర్యోధనుడు తండ్రి దగ్గర వెళ్లబోసుకున్న బాధలో వస్తుంది. జరిగినదాని కన్నా తనకు జరిగిందనుకున్న అవమానమే అతడి గుండెలో పెరిగి పెద్దదైంది. మయసభ ఏకపాత్ర వేసేవారు ఇది తెలుసుకుని వేస్తే కేకలు తగ్గి బాధ పెరుగుతుంది.

అంగీ ముదురు ఊదా రంగు పట్టు మీద జరీ పని చేసినది. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్ల కింద ఎరుపు కళ్లకు గుచ్చుకుంటుంది, నలుపు వెనక తెరలో కలిసిపోతుంది. ఈ ఊదా రంగు మాత్రం చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా నిండుగా కనిపించింది. భుజకీర్తులు భుజం ఎముక మీద సరిగ్గా కూర్చున్నాయి, చేయి ఎత్తినప్పుడు చెవులకు తగలలేదు. అన్నిటికన్నా నేను మెచ్చుకున్నది నడికట్టు. చాలా దుకాణాల వారు ఠీవి కోసమని నడికట్టును పొట్ట మీద బిగించి కట్టే విధంగా చేస్తారు. నాభి దగ్గర నుంచి ఊపిరి తీసి పాడవలసినవాడికి అది రెండో పద్యానికే ఆయాసం తెప్పిస్తుంది, వన్స్ మోర్ అడిగితే ఇక చెప్పనక్కరలేదు. ఇక్కడి నడికట్టు ముందు వెడల్పుగా కనిపిస్తుంది గాని వెనక సాగే పట్టీ ఉంది, ఊపిరితో పాటు అదీ సాగుతుంది. మా రెండో దుర్యోధనుడు ఒకటో ఆయన కన్నా బాగా ఒళ్లున్న మనిషి. అంగీ వెనక వైపు నాడాలు ఉండటం వల్ల ఇద్దరికీ అదే అంగీ అమరింది. ఒక పాత్రను ఇద్దరు వేసేటప్పుడు దుస్తులు మారిపోతే చూసేవారికి మనిషి మారినట్లే ఉంటుంది. దుస్తులు అవే ఉంటే పాత్ర నిలుస్తుంది. ఇంత తెలిసి కుట్టించినవారు తప్పకుండా తెర వెనక నిలబడి నాటకాలు చూసినవారే అయి ఉంటారు.

నడికట్టు బిళ్ల మీద పడగ విప్పిన పాము ఉంది. దుర్యోధనుడి రథం మీది టెక్కెం, అంటే జెండా, పాము గుర్తు అని భారతం తెలిసినవారికి గుర్తుంటుంది. ముందు వరుసలో కూర్చున్న మా ఊరి పెద్దలు ఒకరిద్దరు దానిని గమనించి, నాటకం అయ్యాక నాతో ఆ మాట ప్రత్యేకంగా చెప్పారు. విజయనగరం వంటి ఊళ్లో ఈ శ్రద్ధ ఇంకా మిగిలి ఉండటం సహజమేననిపిస్తుంది. 1919లో నెలకొల్పిన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా ఉన్న ఊరది. పురాణపాత్రను ఎలా నిలబెట్టాలో తెలిసిన శ్రోతలు అక్కడ తరతరాలుగా ఉన్నారు.

ఆభరణాల విషయంలో ఒక చిన్న ఫిర్యాదు ఉంది. మెడలో వేసే పూసల దండలు మరీ పొడుగు. నిలువు మైకుల కాలంలో అది ఇబ్బంది కాకపోవచ్చు, ఇప్పుడు అంగీకి తగిలించే చిన్న మైకులు వచ్చాక పూసలు దానికి తగిలినప్పుడల్లా గలగల శబ్దం వచ్చి పద్యం మధ్యలో అక్షరాలు మింగేసింది. మేము ఒక దండ తీసివేసి సర్దుకున్నాము. దుకాణం వారు దండలను పొట్టి చేయిస్తే మంచిది.

పంచె కట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పాత్ర కథంతా తొడ దగ్గరే మొదలై తొడ దగ్గరే ముగుస్తుంది. ద్రౌపదికి తొడ చూపినప్పుడు, ఆ తొడను గదతో విరుగగొడతానని భీముడు ప్రతిజ్ఞ చేశాడు. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్నది నియమం. బలరాముడి దగ్గర గద నేర్చి, భీముడిని పోలిన ఇనుప బొమ్మను చేయించుకుని 13 ఏళ్లు దాని మీద సాధన చేసిన దుర్యోధనుడు, ఆ చివరి పోరులో ఒడుపులో భీముడిని మించే ఉన్నాడు. అప్పుడు భీముడు నియమం తప్పి తొడల మీద కొట్టాడు. అది చూసి బలరాముడు నాగలి ఎత్తి భీముడి మీదికి వెళ్లబోగా కృష్ణుడు పట్టుకుని ఆపవలసి వచ్చింది. కనుక దుర్యోధనుడి పంచె సభలో తొడ చూపడానికి వీలుగా ఉండాలి, గదాయుద్ధంలో దెబ్బ తగిలేటప్పుడు తొడ మీద దళసరి మెత్త దాచడానికి చోటు ఉండాలి. ఈ దుకాణం వారి పంచె ముందే కుట్టి ఉన్న కట్టు. కుచ్చిళ్లు పక్కకు తొలగుతాయి, లోపల మెత్త పెట్టే సంచి కూడా ఉంది. మా భీముడు భయపడకుండా కొట్టాడు, మా దుర్యోధనుడు భయపడకుండా పడ్డాడు.

గద కూడా బాగుంది. తేలిక కర్రతో చేసి పైన బంగారు రంగు పూశారు. పిడి దగ్గర తాడు చుట్టడం వల్ల చెమట చేతిలో జారలేదు. రెండు గదలు తగిలినప్పుడు వచ్చే చప్పుడు మాత్రం డొల్లగా ఉంది, తబలా ఆయన దానిని కప్పిపుచ్చవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు లోపం. మడుగు ఘట్టానికి ఈ దుకాణంలో వేరే దుస్తులు లేవు. రాయబారం నాటి ఊదా పట్టు అంగీతోనే, మెరిసే కిరీటంతోనే మడుగులోంచి లేచి రమ్మంటే ఎలా? అప్పటికి తమ్ములందరూ పోయారు, కర్ణుడు పోయాడు, ఆ రోజే శల్యుడూ శకునీ పడ్డారు. 11 అక్షౌహిణుల సేనలో అతడి వైపు మిగిలిన యోధులు అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. ఒళ్లంతా గాయాలతో, గద ఒక్కటి చేతపట్టుకుని, ద్వైపాయన మడుగులో నీటిని స్తంభింపజేసి అడుగున పడుకున్నవాడతడు. ధర్మరాజు వచ్చి మాటలతో పొడిచి పిలిచినప్పుడు, బంధువులందరూ పోయాక ఈ భూమి నాకెందుకు, నువ్వే ఏలుకో అన్నాడు. మా అయిదుగురిలో ఒక్కరిని గెలిచినా రాజ్యం నీదేనని ధర్మరాజు మాట జారినప్పుడు, కృష్ణుడు కోపగించుకున్నాడు. ఆ మాటకు నకులుడినో సహదేవుడినో పిలిచి ఉంటే కథ ఏమయ్యేదో ఊహించవచ్చు. అలా పిలవకుండా భీముడితోనే తలపడ్డ పట్టుదల ఆ పాత్రలో ఉంది. మొత్తం భారతంలో దుర్యోధనుడి మీద జాలి కలిగే చోటు ఇది. తిక్కనగారి తెలుగులో ఈ భాగాలు చదివినవారికి నేను చెప్పేది తెలుస్తుంది. మట్టి, నెత్తురు మరకలున్న సాదా పంచె, నలిగిన ఉత్తరీయం, విప్పిన జుట్టు ఉంటే చాలు. మేము మా సొంత నేతపంచెను కాచు నీళ్లలో ముంచి ఆరబెట్టి వాడుకున్నాము. ఇంత బాగా ఆలోచించిన దుకాణం ఆ ఒక్క మెట్టు కూడా ఎక్కి ఉంటే సెట్టు పూర్తయ్యేది. యజమానికి ఈ సంగతి చెప్పగా, శ్రద్ధగా విని రాసుకున్నారు.

దుకాణం తరఫున వచ్చిన మేకప్ ఆయన పని నిదానంగా ఉన్నా నమ్మకమైనది. రాగానే ఏ సీన్లు ఆడుతున్నారని అడిగారు, అది నాకు నచ్చింది. దుర్యోధనుడి ముఖానికి నీలమో ఎరుపో పూయకుండా గోధుమ ఛాయ వేసి, కనుబొమలు కొంచెం పైకి దిద్ది, మీసం పెదవి అంచు దాటి వేలెడు మాత్రమే ఉండేటట్లు అంటించారు. ఆ ముఖంలో గర్వం ఉంది, అందం కూడా ఉంది. తెర లేవగానే పడక సీనులో, నిద్రిస్తున్న కృష్ణుడి తలవైపు ఆసనంలో దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు కూర్చున్నప్పుడు, ఇద్దరూ ఒకే వంశంలో పెరిగిన అన్నదమ్ములని పోలికలు చూసి నమ్మగలిగేటట్లు ఉంది. మీసం అంటించే జిగురు మాత్రం తీసేటప్పుడు చర్మం మండించింది. కొబ్బరినూనె దగ్గర ఉంచుకోవడం మేలు.

మిగిలిన పాత్రల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కృష్ణుడి సెట్లు మూడూ శుభ్రంగా ఉన్నాయి. ద్రౌపది చీర కట్టు బాగుంది. శకునికి మాత్రం చిరుగుల శాలువా, ఊతకర్ర ఇచ్చారు. గాంధార రాజుకు, అంతటి రారాజుకు మేనమామకు ఆ వేషం ఏమిటని అడిగి, కర్ణుడి కోసం అదనంగా తెచ్చిన చిన్న కిరీటం పెట్టించాము. శకుని కుంటివాడన్నది వ్యాసుడు చెప్పిన మాట కాదు.

అద్దె సెట్టుకు, రాత్రికి లెక్క. మేకప్ ఆయన కూలి, దారి ఖర్చు వేరు. బట్టలు కొన్ని ఉతికినవే వచ్చాయి గాని, పట్టు అంగీలను ఉతకరు, ఎండలో వేసి కలరా ఉండలు పెడతారు. ఆ ఘాటు పాడేవాడి గొంతుకు మంచిది కాదు కనుక ఒక పూట ముందే తెచ్చుకుని నీడలో గాలికి ఆరవేయండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటి లెక్కచూసుకుంటారు. రాలిన పూసలకు మా దగ్గర ఏమీ పట్టుకోలేదు, విరిగిన అద్దానికి మాత్రం న్యాయమైన ధర తీసుకున్నారు. మాట మర్యాదగా ఉంటుంది, చెప్పిన వేళకు సామాను బండి ఎక్కించారు.

ఈ దుకాణానికి వెళ్లేవారు నటుల ఎత్తు, ఛాతీ కొలత, తల చుట్టుకొలత రాసి తీసుకువెళ్లడం మంచిది, ఊదా రంగు సెట్టు అని ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే వారి దగ్గర పాత ఎర్ర వెల్వెట్ సెట్టు కూడా ఒకటి ఉంది, అడగకపోతే అదే రావచ్చు. మడుగు ఘట్టానికి మీ పంచె మీరే సిద్ధం చేసుకోండి. శివరాత్రి, శ్రీరామనవమి, గ్రామదేవతల పండుగల కాలంలో ఉన్న ఒక్క ఊదా సెట్టు కోసం రెండు జిల్లాల వారూ వస్తారు కాబట్టి, శివరాత్రికి ఆడాలనుకునేవారు సంక్రాంతి లోపే బయానా ఇచ్చి తేదీ రాయించుకోండి.